తాళంచెవి ఎవరి కొంగున ఉంది?

2019 జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాను. ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ వాళ్ళ ఊరు. "అమ్మా, ఈ ఆదివారం నీకు మంచు చూపిస్తాం" అంటూ కూతురూ అల్లుడూ నన్ను మౌంట్ హుడ్ అనే కొండ మీదికి తీసుకెళ్ళారు. ఆరువేల అడుగుల ఎత్తులో అక్కడ టింబర్‌లైన్ లాడ్జి అని ఒకటుంది. లాడ్జి అనగానే నాకు మన కాశీబుగ్గలోని లాడ్జీలే గుర్తొచ్చాయి. తీరా లోపలికి అడుగుపెడితే నోట మాట రాలేదు!

నిలువెత్తు చెట్లనే స్తంభాలుగా నిలబెట్టిన పెద్ద హాలు. నడిమధ్యన ఆరు పలకల రాతి పొగగొట్టం, దాని చుట్టూ చలిమంట పొయ్యిలు. మెట్ల పక్కన కొయ్య స్తంభాల మీద పక్షులు, జంతువులు. అవి పారేసిన పాత టెలిఫోను స్తంభాలనే చెక్కి చేసినవట! నన్ను మరీ ఆకట్టుకున్నవి అక్కడి రగ్గులు. పాత కంబళ్ళు, పాత యూనిఫారాలు పీలికలుగా చింపి ఆడవాళ్ళు చేత్తో అల్లారని చెప్పారు. "ఓసి, ఇవి మన బొంతలే కదే!" అన్నాను. మా అమ్మాయి పకపకా నవ్వింది.

అది రాజులు కట్టింది కాదు, షావుకార్లు కట్టింది కాదు. 1930లలో పని దొరక్క పస్తులుంటున్నవాళ్ళకి ప్రభుత్వం పని చూపించి, కూలీ ఇచ్చి కట్టించిన భవనం. ఇప్పటికీ ప్రభుత్వ ఆస్తే. గది అద్దెకి తీసుకోకపోయినా ఎవరైనా వెళ్ళి ఆ హాల్లో మంట దగ్గర కాసేపు కూర్చోవచ్చు. మేమూ కూర్చున్నాం.

ఫొటోలు తీసి ఉద్దానంలో ఉన్న మా పిన్నికి పంపాను. ఆవిడ మనవడి ఫోనులో చూసి, రాత్రికి ఫోను చేసింది. "బాగుందే" అనలేదు. "ఎంతయిందట" అని అడగలేదు.

"అంత పెద్ద హాలు కూలోలు కట్టినారా? మరి తాళంచెవి ఎవరికాడుంటాదే?" అంది.

నవ్వబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్న వెనక ఏముందో నాకు తెలుసు.

గుంటని మెరక చేసినదెవరు?

మా పిన్నిది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. "ఊరి పేరు రాయకు. మళ్ళీ లేనిపోని గొడవలు" అంది కనుక రాయడం లేదు. నేను పుట్టింది కాశీబుగ్గలో, టీచరుగా ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసింది టెక్కలిలో. కానీ వేసవి సెలవులంటే నాకు పిన్ని ఊరే. ఇంటి చుట్టూ కొబ్బరి, పెరట్లో పనస, ఊరు దాటితే జీడితోటలు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ పచ్చదనం చూస్తే నిజమేననిపించేది.

పచ్చదనం సంగతి సరే, చేతికి డబ్బాడే పని మాత్రం ఏడాది పొడుగునా ఉండదు. జీడి పిక్కల కాలం కొన్ని నెలలే. పలాసలో జీడి పరిశ్రమలున్నాయి గానీ చిన్నపిల్లల్ని వదిలి రోజూ బస్సెక్కి వెళ్ళడం అందరివల్లా కాదు. మగాళ్ళు రైలెక్కి చెన్నై, ముంబై వెళ్ళిపోతారు. ఆడవాళ్ళు ఇంటి దగ్గర మిగిలిపోతారు.

అలాంటి చోటికి ఉపాధి హామీ వచ్చింది. 2005లో చట్టమైంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. మన శ్రీకాకుళానికి రెండో విడతలో 2007లో అందింది. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని, ఆడా మగా ఇద్దరికీ ఒకే కూలీ. కాంట్రాక్టర్లు ఉండకూడదు. ఐదుగురు పసిపిల్లలు పని దగ్గరుంటే వాళ్ళని చూసుకోవడానికి ఒక ఆవిడని పెట్టాలి. కాగితం మీద ఉన్నవన్నీ జరిగాయని కాదు. అయినా మన రాష్ట్రంలో ఈ పనికి వచ్చినవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. 'నా పేరు మీద కార్డు, నా పేరు మీద డబ్బు' అన్న మాట పిన్ని నోట మొదటిసారి విన్నది అప్పుడే.

మొదట్లో చెరువు పూడికలు, కాలవలు, మట్టి రోడ్లు. తర్వాత చేయదగ్గ పనుల జాబితాలో కొన్ని భవనాలు కూడా చేరాయి. పంచాయతీ ఆఫీసులు, అంగన్‌వాడీలు, మహిళా సంఘాల సమాఖ్యలకు భవనాలు, తుఫాను షెల్టర్లు. మొత్తం ఖర్చులో కనీసం 60 శాతం కూలీకి పోవాలి. సిమెంటు, ఇనుము లాంటి వాటికి 40 శాతం దాటకూడదు.

పిన్ని ఊరికి అలా ఒక హాలు మంజూరైంది. చోటు మాత్రం ఊరి చివర పల్లం. వాన పడితే మోకాలి లోతు నీళ్ళు నిలిచే గుంట. మంచి చోట్లన్నీ అప్పటికే ఎవరెవరివో అయిపోయాయి మరి! 2016 వేసవిలో ఆ గుంటని మెరక చేసే పని పడింది. పిన్ని బృందంలో పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు. చెరువులో మట్టి తవ్వడం, తట్టకెత్తడం, మోసుకొచ్చి గుంటలో పోయడం. ఆ ఏడాది కూలీ రేటు రోజుకి 194 రూపాయలు. కొలతల లెక్కన చేతికి అంత వచ్చేది కాదు.

"నెత్తి మీద తువ్వాలు చుట్ట తడిసిపోయీది. తట్ట దించితే మెడ తిరిగీది కాదు. అయినా సరే, మా సంగానికి హాలొస్తంది గదా అని మోసీసినాం" అంటుంది పిన్ని.

మెరక అయ్యింది. దాని మీద పునాది, గోడలు, స్లాబు లేచాయి. ఒక పెద్ద హాలు, పక్కన చిన్న గది, ముందు వరండా. ప్రారంభోత్సవం రోజు షామియానా వేశారు, కొబ్బరికాయలు కొట్టారు, పెద్దవాళ్ళంతా మాట్లాడారు. తట్టలు మోసినవాళ్ళు షామియానా బయట ఎండలో నిలబడి చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక తలుపుకి తాళం వేశారు. తాళంచెవి ఊళ్ళో ఒక పెద్దమనిషి జేబులోకి వెళ్ళింది.

నెల తిరిగేసరికి ఆ హాల్లో ఎరువుల బస్తాలు, పాత కుర్చీలు, చుట్టలు చుట్టిన ఫ్లెక్సీలు. సంఘం మీటింగు మాత్రం ఎప్పటిలాగే పిన్ని వాళ్ళ పనసచెట్టు కింద! "అడగలేకపోయావా పిన్నీ?" అంటే, "అడిగినాం. ఆడోలికి హాలెందుకు, మీ అరుగులు లేవా అన్నాడు. నవ్వీసి వచ్చీసినాం" అంది.

ఆ రాత్రి

2018 అక్టోబరు 10. అప్పుడే దేవీ నవరాత్రులు మొదలయ్యాయి. తిత్లీ తుఫాను వస్తోందని రెండ్రోజులుగా చెబుతూనే ఉన్నారు. తిత్లీ అంటే సీతాకోకచిలుక అట. పేరు ఎంత ముద్దుగా ఉందో చూడండి! ఉద్దానం వాళ్ళకి తుఫాన్లు కొత్త కాదు. 1999 చూశారు, 2013లో ఫైలిన్ చూశారు. "పోతాదిలే" అనుకున్నారు.

రాత్రి పదకొండు దాటాక గాలి తీరు మారింది. కరెంటు పోయింది. పెంకుటిళ్ళ పెంకులు ఒక్కొక్కటే ఎగురుతుంటే పిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని జనం హాలు దగ్గరికి పరుగెత్తారు. ఊళ్ళో వాళ్ళ అందుబాటులో ఉన్న గట్టి స్లాబు అదొక్కటే. తలుపుకి తాళం. ఆ పెద్దమనిషి ఆ రాత్రి ఊళ్ళో లేడు, కాశీబుగ్గలో ఉన్నాడు. ఫోన్లు కలవడం లేదు.

వరండాలో ముప్పై నలభై మంది. గాలికి వాన అడ్డంగా కొడుతోంది. బాలింత ఒకామె పదిహేను రోజుల బిడ్డని చీరకొంగులో చుట్టి గోడకి అతుక్కుపోయి నిలబడింది. మా బాబాయికి అప్పటికే కిడ్నీ జబ్బు. చలికి వణుకుతూ కూలబడ్డాడు. తాళం పగలగొడదాం అని ఒకరంటే, ప్రభుత్వ ఆస్తి, కేసవుతుంది అని ఇంకొకరు.

పిన్ని ఆ చీకట్లో ఇంటికి పోయి గునపం తెచ్చింది. 2016లో మట్టి తవ్విన గునపమే. మూడు దెబ్బలకి గొళ్ళెంతో సహా తాళం ఊడిపోయింది.

11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ సరిగ్గా పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి తలుపు తీసి చూస్తే ఊరు ఊరులా లేదు. తలలు తెగిన కొబ్బరిచెట్లు, వేళ్ళతో సహా పడిపోయిన జీడిచెట్లు. ఉద్దానమంతా లక్షల చెట్లు నేలకూలాయి. కొబ్బరిమొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్ళు తక్కువ పట్టదు. తాతలు వేసిన చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి.

ఆ హాల్లో తలదాచుకున్నవాళ్ళు మాత్రం అందరూ క్షేమం. చుట్టూ నీళ్ళు నిలిచినా లోపలికి చుక్క రాలేదు. "మేం మోసిన మట్టే గదే మమ్మల్ని కాసింది" అంది పిన్ని. పదకొండు రోజులు అక్కడే ఉమ్మడి వంట. ఎవరింట్లో ఏ బియ్యం తడవకుండా మిగిలితే అవి, పడిపోయిన చెట్ల కొబ్బరికాయలతో పచ్చడి.

"మస్టర్లో మా పేర్లున్నాయి"

నీళ్ళు తీసేశాక పెద్దమనిషి ఊళ్ళోకి వచ్చాడు. వచ్చి అడిగిన మొదటి మాట, "తాళం ఎవరు పగలగొట్టారు? కేసు పెడతాను."

రచ్చబండ దగ్గర అందరూ కూడారు. మగవాళ్ళు సర్దిచెప్పబోయారు. "పోనీ, తాళం ఖరీదు మేం ఇస్తాం" అన్నారు. పిన్ని ముందుకొచ్చింది. ఆవిడ గొంతెత్తి మాట్లాడ్డం ఊళ్ళో ఎవరూ అంతకుముందు వినలేదు.

"మట్టి మోసినప్పుడు మస్టర్లో మా పేర్లు రాసినారు. తాళం కాడికొచ్చీసరికి మా పేర్లు ఏటైపోనాయి బాబూ? కేసెట్టు. నాలుగు ఊళ్ళోళ్ళు వచ్చి ఆ బస్తాలెవరివో కూడా సూస్తారు."

అంతే! కేసు మాట మళ్ళీ రాలేదు. వారం తిరగకుండా బస్తాలు కదిలాయి. గ్రామసభలో తీర్మానం రాయించారు. హాలు వాడకం, శుభ్రం, తాళం మహిళా సంఘాల బాధ్యత. మూడు తాళంచెవులు, ముగ్గురు ఆడవాళ్ళ దగ్గర. ఎవరు తెరిచినా పుస్తకంలో రాయాలి. పెళ్ళికో పేరంటానికో వాడుకుంటే కొంత సొమ్ము కట్టాలి. తుఫాను హెచ్చరిక వస్తే ఎవర్నీ అడగకుండా తలుపు తీసి ఉంచాలి.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. కానీ కాలేదు. పిన్ని తనంతట తానే చెప్పింది కాబట్టి రాస్తున్నాను.

ఆ ముగ్గురూ పిన్ని వీధి వాళ్ళే. ఆరు నెలలయ్యాక ఊరి చివర వలలు నేసే ఇళ్ళ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. "అత్తా, గుంట మెరక చేసినప్పుడు మా అమ్మా మోసింది మట్టి. మరి తాళంచెవి మా వీధికి ఎప్పుడొస్తాది?" అని అడిగింది.

"నా నోరు పడిపోయిందే" అంది పిన్ని నాతో. "నాను అడిగిన మాటే నన్ను అడిగింది. ఆ పెద్దమనిషి జేబులో ఉండీది, ఇప్పుడు నా కొంగునుంది. అంతే గదా తేడా!"

ఆ ఉగాది నుంచి ఏటా తాళంచెవులు చేతులు మారుతున్నాయి. ఒక్కో వీధికి ఒకటి. మొదటి ఏడు కొందరు ముఖాలు ముడుచుకున్నారు. ఇద్దరు ముగ్గురు మీటింగుకి రావడం మానేశారు. ఇప్పుడు అలవాటైంది.

కరువు పనికి చాలా చరిత్ర ఉంది

అమెరికా నుంచి వచ్చాక ఈ సంగతులన్నీ కలిపి చూసుకుంటే ఆశ్చర్యం వేసింది. తిండి లేనివాళ్ళకి పని చూపించి ఏదో ఒకటి కట్టించడం ఈనాటిది కాదు. లక్నోలో బడా ఇమాంబాడా అనే పెద్ద భవనం 1784లో కరువు రోజుల్లో నవాబు కట్టించింది. మన ముత్తవ్వల నోట వినిపించే ధాత కరువు 1876-78లో వచ్చింది. అప్పుడు మద్రాసు దగ్గర బకింగ్‌హాం కాలువలో ఒక భాగాన్ని కరువు కూలీలే తవ్వారు. ఆ కరువులో సర్కారు ఒక దశలో మగకూలీకి రోజుకి ఇచ్చింది పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అరకిలో కూడా కాదు. ఎండలో మట్టి మోసే మనిషికి అది ఏ మూలకి?

జోధ్‌పూర్‌లో ఉమైద్ భవన్ ప్యాలెస్ ఉంది కదా, అదీ కరువు పనే. 1929లో మొదలై 1943లో పూర్తయింది. వేలమంది కూలి చేసి కట్టారు. తయారైంది మాత్రం మహారాజుగారి ఇల్లు!

సరిగ్గా అదే కాలంలో అమెరికాలో మహా మాంద్యం. 1929లో షేర్ మార్కెట్ కూలింది. 1933 నాటికి పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. బ్యాంకులు మూతపడ్డాయి, రొట్టె కోసం బారులు తీరారు. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ డబ్ల్యు.పి.ఏ. అనే సంస్థ పెట్టాడు. 1943 దాకా ఎనిమిదేళ్ళలో దాదాపు 85 లక్షల మందికి అది పని ఇచ్చింది. రోడ్లు, వంతెనలు, పార్కులు, బడులు వేశారు. చిన్న చిన్న ఊళ్ళలో టౌన్ హాళ్ళు, లైబ్రరీలు లేచాయి. కొత్తగా కట్టినవీ బాగుచేసినవీ కలిపి లక్షకు పైగా భవనాలు. నేను చూసిన టింబర్‌లైన్ అలాంటిదే. 1936లో మొదలుపెట్టారు. 1937 సెప్టెంబరు 28న రూజ్‌వెల్టే వచ్చి ప్రారంభించాడు. దేశం నలుమూలలా చిన్న ఊళ్ళలో అప్పటి హాళ్ళు ఇంకా నిలబడే ఉన్నాయి. కూలి తిన్నవాళ్ళు పోయారు, వాళ్ళ మనవలు అక్కడ డాన్సులు చేస్తున్నారు, ఓట్లేస్తున్నారు.

అయితే అక్కడా మెలిక ఉంది. ఇంటికి ఒక్కరికే పని. ఆ ఒక్కరూ 'కుటుంబ పెద్ద' అయి ఉండాలి. కాలూ చెయ్యీ ఆడే మొగుడుంటే భార్యకి కార్డు రాదు. వితంతువులు, మొగుడు వదిలేసినవాళ్ళు, మంచాన పడ్డ భర్తలున్నవాళ్ళు మాత్రమే పనికి రావాలి. మొత్తం పనివాళ్ళలో ఆడవాళ్ళు ఐదోవంతు కూడా లేరు. వచ్చినవాళ్ళలో చాలామందికి దొరికింది కుట్టుపనే. ఆస్పత్రులకి, పేదలకి బట్టలు కుట్టే గదుల్లో కూర్చోబెట్టారు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ఆడవాళ్ళకైతే అదీ కష్టమే.

ఆ లెక్కన మన పిన్నులు, అత్తలు మెరుగే. సొంత పేరుతో కార్డు, మగవాడితో సమానంగా కూలీ. అక్కడి ఆడవాళ్ళని పనికే సరిగా రానివ్వలేదు. ఇక్కడ పనికి రమ్మన్నారు, కట్టాక గడప దాటనివ్వలేదు. అంతే తేడా.

హాలుంటే ఏమవుతుంది?

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ హాల్లో కూర్చున్నాను. పొద్దున ఐదారుగురు ఆడవాళ్ళు వచ్చి జీడిపప్పు ఏరుకున్నారు. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క. ఇంట్లో అయితే దీపం వెలుతురులో కళ్ళు లాగేవని, ఇక్కడ కిటికీ వెలుగు బాగుంటుందని చెప్పారు. మధ్యాహ్నం సంఘం మీటింగు. సాయంత్రం పదో తరగతి పిల్లలు చదువుకోడానికి వచ్చారు. ఆడపిల్లలు కూడా రాత్రి ఎనిమిది దాకా ఉన్నారు. "తాళంచెవి మా పెద్దమ్మ దగ్గరుంది, అందుకని నాన్న పంపిస్తాడు" అంది ఒక పిల్ల. ఆ ఒక్క మాట చాలదూ!

ఉద్దానానికి కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలియంది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఏ మండలం చూసినా ఇంటికో కథ. కారణం ఇదీ అని ఇంతవరకు గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అంతకుముందు మా బాబాయిని డయాలసిస్‌కి టెక్కలి తీసుకెళ్ళేవారు. తెల్లవారుజామున ఆటో కోసం రోడ్డు మీద చలిలో నిలబడేవాడు. తాళంచెవి చేతికొచ్చాక ఆ హాల్లోనే బెంచీ వేశారు. డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు అక్కడ కూర్చుంటే ఆటో అక్కడికే వచ్చేది. రక్తపరీక్షల శిబిరం కూడా అక్కడే పెట్టారు. ఆడవాళ్ళు భయపడకుండా వచ్చారు, ఎందుకంటే అది వాళ్ళ చోటు.

బాబాయి 2020లో పోయాడు. "ఆఖరి ఏడాది ఆ మనిషి చలిలో నిలబడలేదు. నాకదే చాలు" అంటుంది పిన్ని.

మీరూ అడగండి

చదువుతున్న మీలో చాలామంది మట్టి మోసి ఉండరు. కానీ మీ ఊళ్ళోనూ, మీ వార్డులోనూ ఒక కమ్యూనిటీ హాలో, సంఘం భవనమో, తుఫాను షెల్టరో ఉండే ఉంటుంది. దానికి తాళం కూడా ఉండే ఉంటుంది. తుఫాను షెల్టరంటే తుఫాను రోజుకే కాదు. ఏడాదంతా వాడుకలో ఉంటేనే గోడలు పగుళ్ళివ్వకుండా, మరుగుదొడ్డి పాడవకుండా, తాళం తుప్పు పట్టకుండా ఉంటుంది. వాడని భవనం అవసరానికి తెరుచుకోదు.

అందుకని మూడు పనులు చేయండి. ఒకటి, ఆ భవనం ఎవరి పేరున ఉంది, ఏ నిధులతో కట్టారు, నిర్వహణ ఎవరిది అని పంచాయతీలో అడగండి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద దరఖాస్తు చాలు. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండు, ఒక్కరు వెళ్ళకండి. సంఘం తరఫున వెళ్ళండి. గ్రామసభలో తీర్మానం రాయించి నకలు దగ్గర పెట్టుకోండి. మూడు, తాళంచెవి మీ చేతికొచ్చాక మీ వీధిలోనే ఉంచుకోకండి. మా పిన్ని నేర్చుకున్న పాఠం ఇది.

2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు వేరే చట్టం చేసింది. అందులో 100 రోజుల్ని 125 రోజులన్నారు. చట్టాల పేర్లు మారుతుంటాయి, పథకాల పేర్లు అంతకన్నా తొందరగా మారుతుంటాయి. కూలి డబ్బు ఏ సంతలోనో, ఏ మందుల కొట్టులోనో ఖర్చయిపోతుంది. మిగిలేది ఆ నాలుగు గోడలే. అవైనా మనకి మిగలాలి కదా!

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను, హాలు తలుపు వెనక మేకుకి ఒక విరిగిన తాళం వేలాడుతోంది. ఆ రాత్రి పిన్ని పగలగొట్టిందే. "పారీలేదా?" అన్నాను.

"పారీమన్నారు. నానే ఉంచమన్నాను" అంది. "కొత్తగా కోడలైనోలు వచ్చి అదేటని అడుగుతారు గదా. అడిగినప్పుడు సెప్పొచ్చు."

ఇంతకీ ఈ ఏడాది తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పలేదు కదూ? పిన్నిని ఆరోజు నిలదీసి అడిగిన ఆ వలల వీధి అమ్మాయి దగ్గరుంది. కొంగున ముడేసుకుని, పిల్లని చంకనెత్తుకుని, సాయంత్రం దీపం వేళకి వచ్చి తలుపు తీస్తోంది.